కొత్త స్పీకర్లకి నేనిచ్చిన సర్టిఫికెట్

ఎలాగూ మా ఆఫీసు డేవిడ్ గారి నోటి వెంట వింటారు కాబట్టి ముందు నేనే చెప్పేస్తాను. ఆయన చెబితే ఇంకో రెండు కలిపి చెబుతారు. పోయిన ఆదివారం మా ఇంట్లో నా పరువు గోదాట్లో కలిసింది. కలిపింది ఎవరో కాదు, నేనే. అదీ ఈ రాజమండ్రిలో నాకు తప్ప ఎవరికీ తెలీదనుకునే విషయంలో.

నా చెవుల సంగతి మీకు తెలుసుగా. ఆఫీసులో ఫ్యాను బేరింగు అరుగుతుంటే ముందు నాకే వినపడుతుంది. ఓసారి టిఫిన్ హోటల్లో "కుడివైపు స్పీకరు పోయిందండీ, చూసుకోండి" అని ఓనరుకి చెప్పాను. ఆయన స్పీకరు చూసుకోలేదు గానీ నా దోశ మాత్రం అందరికన్నా చివర్న వచ్చింది. పెళ్ళిళ్ళకి పిలవడం కూడా తగ్గించారు. డీజే దగ్గర నిలబడి సలహాలిస్తానట. ఇస్తాను మరి, ఊరుకోలేను.

నాకు యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. కాకినాడ నుంచి ట్రాన్స్‌ఫరై వచ్చి దానవాయిపేటలో మేడ మీద పోర్షన్‌లో ఉంటున్నాను. కాకినాడలో అయితే సాయంత్రం పూట పలకరించేవాళ్ళు ఉండేవారు. ఇక్కడ శనివారం ఆఫీసు నుంచి ఇంటికొస్తే మళ్ళీ సోమవారం పొద్దున్నదాకా నా గొంతు నాకే వినపడదు. అందుకేనేమో ఈ స్పీకర్ల పిచ్చి ఇక్కడికొచ్చాకే బాగా ముదిరింది.

పాత జత నాకు ఎప్పట్నుంచో ఉంది. బీరువాల్లా నిలబడి ఉంటాయి రెండూ. పాట బ్రహ్మాండంగా పాడతాయి. కానీ మాలాంటి వాళ్ళకి పాట బాగుంటే చాలదండీ. పాడే మనిషి గదిలోకి రావాలి. ఎదురుగా గోడ దగ్గర ఆవిడ నిలబడినట్టుండాలి, చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడాలి. పాతవాటిలో ఊపిరి వినపడేది గానీ మనిషి వచ్చేది కాదు. ఆ మనిషి కోసం కొత్త జత కొన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంతకంటే వేరే కారణం లేదు.

మా పిచ్చోళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నా గది పొడుగెంతో వెడల్పెంతో వాళ్ళందరికీ తెలుసు, నా ఆంప్లిఫయరు మోడలు తెలుసు, నేను వాడే వైరు మందం తెలుసు. పోయిన నెల నేను జ్వరంతో మంచం మీంచి లేవలేకపోయిన సంగతి మాత్రం తెలీదు. ఆ గ్రూపులో విజయవాడ పెద్దాయన ఒకరున్నారు, రిటైరైన ఇంజనీరు. మాకందరికీ ఆయన మాటే వేదం. ఈ కొత్త జత కొనమన్నదీ ఆయనే.

పార్సిల్ లారీవాడు సరుకు ఇంటికి తేవాల్సింది పోయి, రావులపాలెం సెంటర్లో దించేసి ఫోన్ చేశాడు, వచ్చి తీసుకెళ్ళమని. పరుగెత్తుకెళ్ళాను. అక్కడ అరటి గెలల మధ్య నా రెండు పెట్టెలూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. గెలలు వేసుకొస్తున్న ట్రాలీ ఆటో ఒకటి రాజమండ్రి వస్తుంటే బతిమాలి ఎక్కించాను. దారిలో డ్రైవరు అడిగాడు, లోపలేంటండీ అని. స్పీకర్లన్నాను. ఊరేగింపుకా అన్నాడు. కాదయ్యా, ఇంట్లో పాటలు వినడానికి అన్నాను.

"ఎంతమంది ఉంటారండీ ఇంట్లో?"

"నేనొక్కణ్ణే."

"మీ ఒక్కరికేనా అండీ!" అని, నన్నోసారి, పెట్టెల్నోసారి చూశాడు.

సరే, ఇంటికి చేర్చాను. కొత్తవి చిన్నవి, ఒక్కోటి బియ్యం డబ్బా అంత ఉంటుంది. వాటికి స్టాండ్లు. పాత బీరువాల్ని కదపడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని వాటిని అక్కడే ఉంచి, ఒక్కోదాని ముందు ఒక్కో స్టాండు పెట్టాను. మా ఆంప్లిఫయరు మీద గుండ్రటి స్విచ్ ఒకటుంటుంది. 'ఏ' వైపు తిప్పితే ఒక జత మోగుతుంది, 'బి' వైపు తిప్పితే రెండో జత. పాతవి 'ఏ'. కొత్తవాటిని 'బి'కి తగిలించాను. తర్వాత దారం కట్టి, టేపు పట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని ఆ స్టాండ్లు సమానంగా వచ్చాయా లేదా అని సాయంత్రందాకా కొలిచాను. ఇంజనీరు గారు ఫోన్లో రెండు హెచ్చరికలు చేశారు. ఒకటి, కొత్తవి కుదురుకునేదాకా పాతవి వినకూడదు, చెవి తికమక పడుతుంది, స్విచ్ జోలికే వెళ్ళొద్దు. రెండు, పక్కన ఊరికే ఉన్న స్పీకర్లు కొత్తవాటి చప్పుడికి అదిరి సౌండు పాడుచేస్తాయి, మందపాటి గుడ్డ కప్పండి. నేను చలికాలం కప్పుకునే రగ్గులు తీసి పాతవాటి మీద నిండా కప్పేశాను. స్విచ్ జోలికి వెళ్ళొద్దన్నారు కదా, వెళ్ళలేదు.

పాట పెట్టాను. సౌండు కొంచెం తక్కువనిపించింది. కొత్తవి కదా, బిగుసుకుని ఉంటాయిలే అని వాల్యూం పెంచాను. ఇంక చూడండి, ఏం మెత్తదనం! పాతవాటిలో తాళాలు గరగరలాడేవి. ఇందులో పట్టు చీర మీద చెయ్యేసినట్టుంది. అప్పటికప్పుడు గ్రూపులో రాసేశాను. ట్రెబుల్ పట్టులా ఉందని, గరుకుతనం మచ్చుకైనా లేదని, పాతవి ఇన్నాళ్ళు నా చెవిలో పువ్వులు పెట్టాయని. మర్నాడు ఇంకొంచెం విచ్చుకుందని రాశాను. ఆ మర్నాడు బేస్ లోతుకి దిగిందన్నాను. రోజూ ఒక వ్యాసం. గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు పొగిడారు. నా రాతలు చదివి గుంటూరాయన ఒకాయన అదే జత ఆర్డరు పెట్టేశాడు. నాకు గాల్లో తేలినట్టుంది.

అలా సాగుతుండగా ఒక సాయంత్రం ఏమైందంటే, ఒకావిడ పాత కచేరీ వింటున్నాను. కీర్తన అయిపోయింది. ఆవిడ చిన్నగా దగ్గింది. నేను కళ్ళు మూసుకునే, "కాఫీ పెట్టనా అండీ?" అన్నాను. పైకే అన్నాను. అని లేచి వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసులు తీశాను కూడా. రెండో గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. భయమేసింది నాకు. స్పీకర్లు బాగున్నందుకు కాదు. ఇంక నిజమైన మనిషెవరైనా ఈ గదిలోకి రావాలి అనిపించింది.

నాకున్న స్నేహితుడు డేవిడ్ గారొక్కరే. మా సెక్షనే. వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయిస్తారు. వచ్చిన కొత్తల్లో ఓసారి పిలిచి, తల కదిపితే సౌండు మారిపోతుందని చెప్పి మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చోబెట్టాను. అప్పట్నుంచి ఆదివారం అనగానే ఆయనకి చర్చి, భోజనం, నిద్ర, చుట్టాలు అన్నీ గుర్తొస్తాయి. ఈసారి గట్టిగా అడిగాను. నా ముఖం చూసి ఏమనుకున్నారో, గంటసేపే సుమండీ అని ఒప్పుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఉన్నది ఒక్క కుర్చీ. సోఫా సౌండు మింగేస్తోందని ఎవరికో ఇచ్చేశాను. కుర్చీ అడగడానికి కింద మా ఇంటి ఓనరు వరలక్ష్మి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి ఎప్పటికప్పుడు అద్దె ఇచ్చి రావడమే తప్ప నేను పెద్దగా మాట్లాడింది లేదు. ఎవరొస్తున్నారని అడిగారు. ఫ్రెండండీ అన్నాను. మీ ఇంటికి మనిషి రావడం ఇదే చూడ్డం, నేనూ వస్తానుండండి అని రెండు ప్లాస్టిక్ కుర్చీలతో పాటు జంతికల డబ్బా పట్టుకుని ఆవిడే పైకొచ్చేశారు.

డేవిడ్ గారిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. వరలక్ష్మి గారికి చోటు లేక రగ్గు కప్పిన బీరువా పక్కన వేశాను కుర్చీ. నేను నిలబడి ఉపన్యాసం మొదలెట్టాను. ఇదిగో ఇప్పుడు ఊపిరి వినండి, ఇదిగో మృదంగం మీద వేలు, ఈ మెత్తదనం పాతవాటిలో జన్మకి రాదు. డేవిడ్ గారు తల కదపకుండా బాగుందండీ, బాగుందండీ అంటున్నారు. ఆయన కళ్ళు గడియారం మీదున్నాయి. నేను చూడనట్టే ఉన్నాను.

వరలక్ష్మి గారు జంతిక నములుతూ అడిగారు. "ఈ రగ్గు కిందేంటండీ?"

పాత స్పీకర్లు, ఇప్పుడు పనిచెయ్యట్లేదన్నాను.

"మరి పాట ఇందులోంచి వస్తోందేంటండీ?"

నేను జాలిగా నవ్వాను. మొదటిసారి వినేవాళ్ళందరూ ఇలాగే అంటారు కదా. మంచి స్పీకరంటే అదేనండీ, సౌండు పెట్టెలోంచి వచ్చినట్టుండదు, ఎక్కడెక్కణ్ణుంచో వచ్చినట్టుంటుంది, దీన్ని ఇమేజింగు అంటారు, చెవిని మోసం చేస్తుంది అని వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఇంకో జంతిక తీసుకున్నారు.

"చెవి సంగతి సరేనండీ. రగ్గు కూడా ఊగుతోంది."

డేవిడ్ గారు తల కదిపారు. లేచొచ్చి ఒక కొస పట్టుకుని రగ్గు లాగేశారు. గదిలో ఒక్కసారిగా తాళాలు ఖంగుమన్నాయి. నేను ఇన్నాళ్ళు పోగొట్టుకున్న గరుకుతనం మొత్తం తిరిగొచ్చింది. కొత్తదానికి చెవి ఆనించాను. లోపల చీమ చిటుక్కుమనలేదు. ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్ళి చూస్తే స్విచ్ 'ఏ' మీదే ఉంది. తగిలించిన రోజు నుంచీ అక్కడే ఉంది. నేను మెచ్చుకున్న పట్టుదనం నా రగ్గుది.

నాకు తల కొట్టేసినట్టయింది. డేవిడ్ గారు నవ్వి నవ్వి కుర్చీలోంచి నేల మీదకి దిగిపోయారు. వరలక్ష్మి గారు ముందు పాపం సామానేమైనా పాడైందేమో అని కంగారుపడ్డారు. పాడవలేదు, అసలు మొదలే కాలేదు అని ఆయన విడమర్చి చెప్పాక, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. నాకు మొదట ఒళ్ళు మండింది. ఇద్దర్నీ కిందికి పంపించేద్దామనుకున్నాను. తర్వాత ఎందుకో నాకూ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నేను పగలబడి నవ్వడం అదే మొదలు.

'బి' వైపు తిప్పాం. నిజం చెబుతున్నాను, కొత్తవి చాలా గొప్పగా ఉన్నాయి. పాడే ఆవిడ నిజంగానే వచ్చి గోడ దగ్గర నిలబడింది. కానీ ఆ సాయంత్రం ఆవిణ్ణి పట్టించుకున్నవాళ్ళే లేరు. డేవిడ్ గారు వాళ్ళ చర్చిలో మైకు ఆన్ చెయ్యకుండా ప్రార్థన మొత్తం చదివేసిన పాస్టరు గారి కథ చెప్పారు. వరలక్ష్మి గారు గ్యాస్ వెలిగించకుండా పప్పు ఉడికించిన కథ చెప్పారు. పాట నడుస్తుండగానే నేనూ కబుర్లలో పడిపోయాను, జీవితంలో మొదటిసారి. గంటన్న మనిషి దీపాలు పెట్టేదాకా ఉన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ అదే పాట విన్నాను. ఊపిరి ఎంత స్పష్టంగా వినపడిందో చెప్పలేను. అది విన్నకొద్దీ ఇల్లు ఇంకా ఖాళీగా అనిపించింది. కట్టేసి పడుకున్నాను.

మర్నాడు గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. ఇంజనీరు గారు ఇంతవరకు పలకలేదు. గుంటూరాయన మాత్రం, మీరేమన్నా అనండి, నా జత నిన్ననే వచ్చింది, సరిగ్గా మీరు రాసినట్టే పట్టులా ఉందండీ అన్నాడు. స్విచ్ ఎటుందో చూసుకోమని చెప్పాలంటే నాకే నోరు రాలేదు.

ఇక్కడ ఆఫీసులో మాత్రం డేవిడ్ గారు అందరికీ చెప్పేశారు. బుధవారం మా సెక్షన్ వాళ్ళు ముగ్గురు దారిలోనే కదా అని దిగారు. నిన్న వరలక్ష్మి గారి ఆడపడుచు పిఠాపురం నుంచి వస్తే ఆవిణ్ణి పైకి తీసుకొచ్చి చూపించారు. ఇన్నాళ్ళు మంచి సౌండు వినిపిస్తానని పిలిస్తే డేవిడ్ గారు తప్ప ఒక్కరూ రాలేదు. ఈ ఆదివారం చర్చి క్వయర్లో పాడేవాళ్ళు నలుగురు వస్తామంటున్నారట. పాటకి కాదులెండి, రగ్గు ఊగడం చూడ్డానికట, డేవిడ్ గారే ఫోన్ చేసి చెప్పారు.

రమ్మన్నాను. స్విచ్ సరిగ్గా ఉంటే ఒక పాట విని, బాగుందండీ అని లేచిపోతారు. అందుకని పొద్దున్నే దాన్ని 'ఏ' వైపు తిప్పేసి, పాతవాటి మీద రగ్గులు శుభ్రంగా కప్పి ఉంచాను. మీరూ రండి. వచ్చి, పాట ఇందులోంచి వస్తోందేంటండీ అని అడగండి చాలు. నేనేమీ ఎరగనట్టు, ఇమేజింగు గురించి మొదట్నుంచీ చెబుతాను.