మినహాయింపు లేని మొదటి స్థానం

ఆ రోజుల్లో షామ్‌బర్గ్ అనే అమెరికా ఊళ్లో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నవి ఇవి: కొత్తగా ఉద్యోగాల్లో చేరిన బ్రహ్మచారులు ఐదుగురు, బెడ్‌రూములు మూడు, ప్రెషర్ కుక్కర్లు రెండు, టీవీ ఒకటి, సొంత బాత్రూమ్ ఉన్న గది ఒకే ఒకటి. ఆ గదిలో ఏడాదిపాటు ఒంటరిగా ఎవరుండాలో చీటీలు వేసి తేలుద్దామన్నారు మిగతావాళ్లు. చీటీల్లో ప్రతిభకు చోటేదని (అప్పట్లో నాకు ప్రతిభ మీద, ముఖ్యంగా నా ప్రతిభ మీద, మహా నమ్మకం) నేను బేస్‌బాల్ పందెం పెట్టించాను. ఆ రోజు ఆటల్లో ఎవరు గెలుస్తారో పొద్దున్నే అందరం షీటులో రాయాలి. సెప్టెంబరు చివరికి ఎక్కువ సరిగ్గా చెప్పినవాడిదే గది.

నేను బంతి విసిరే పిచర్ల లెక్కలన్నీ చూసి రాసేవాణ్ణి. మాలో పెద్దవాడు వరంగల్ అన్న మాత్రం లెక్కలేవీ చూడకుండా దుప్పట్లోంచే, "ఎర్ర చొక్కాలోళ్లు గెలుస్తరు, రాస్కో తమ్మీ" అనేవాడు. జూలైకల్లా నేను అందనంత ముందుకు పోయాను. షీటులో మిగతా గడులు మాత్రం ఖాళీగా మిగలసాగాయి. "ఎటూ గది నీదేగా బావా, మేం రాసి ఏం చేస్తాం?" అన్నాడు గుంటూరు రూమ్మేట్.

ఇదే చిక్కును బేస్‌బాల్ వాళ్లెలా విప్పుకున్నారా అని కుతూహలం పుట్టింది. జట్టుకు నూట అరవై రెండు ఆటలాడించి, ముప్పై జట్లలో పన్నెండింటిని ప్లేఆఫ్స్‌కి, అంటే చివరి నాకౌట్ పోటీలకు, రానిస్తారు. తక్కువమందిని రానిస్తే మేటి జట్టే గెలిచే అవకాశం ఎక్కువ, కానీ వెనకబడ్డవాళ్లకు ఆశ చస్తుంది. ఎక్కువమందిని రానిస్తే ఆశ బతుకుతుంది, కానీ రెండు మూడు రోజుల అదృష్టం ఆరు నెలల కష్టాన్ని మింగేయగలదు. ఇదంతా రూమ్మేట్లకు నేనే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పి, మా పందానికీ ప్లేఆఫ్స్ పెట్టాను: పై నలుగురికి ప్రవేశం, ఇద్దరిద్దరి పోటీలో, మూడు రోజుల్లో రెండు రోజులు ఎక్కువ సరిగ్గా చెప్పినవాడు ముందుకు. అసలు బేస్‌బాల్‌లో మేటి జట్లకు మొదటి రౌండు నుంచి మినహాయింపు ఉంది. అంత ముందున్న నాకు అది దేనికని వదిలేశాను.

మందు పనిచేసింది. గుంటూరువాడు పళ్లు తోముకుంటూనే "ఇయ్యాళ పిచర్ ఎవరు బావా?" అని అడగసాగాడు. సెమీఫైనల్లో నాకు నాలుగో స్థానంలో ఉన్న వరంగల్ అన్న తగిలాడు. మొదటి రోజు నాది. తర్వాతి రెండు రోజులూ ఎర్ర చొక్కాలవి.

"నేనేం జేసిన తమ్మీ? ఫార్మాట్ నీదే గదా!" అన్నాడు. ఫైనల్ కూడా అలాగే గెలిచి, ఆదివారం పరుపు మోయడానికి నన్నే పిలిచాడు. వెళ్లాను. నియమాలు సరిగ్గా పనిచేశాయన్న సంతోషం, వాటిని రాసింది నేనేనన్న ఏడుపు, రెండూ ఒకేసారి కలిగాయి. అప్పటి కుర్రాణ్ణయిన నా మీద ఇప్పుడు జాలీ నవ్వూ వస్తాయి గానీ, షీటు మాత్రం ఇంకా డిలీట్ చేయలేదు. సీజన్ మొత్తం మీద అన్న కంటే నా సరైన అంచనాలు నూట ముప్పై ఏడు ఎక్కువ.