నా పుస్తకంలో హోదా గడి

నవంబరు పద్దెనిమిది, మంగళవారం. జిల్లా కోర్టు. హాజరు: నేను, నా భార్య, మా కింది ఫ్లాటు మిలిటరీ సుబేదారు గారు, అప్పీలు వేసుకున్న దొంగ లాయరు, అతని తరఫు అసలు లాయరు, జడ్జి గారు.

ఇలా రాసుకోవడం ఉద్యోగంలో అంటుకున్న అలవాటు. రిటైరై నోయిడాలో స్థిరపడ్డాక కూడా, ఇంట్లో నలుగురు కూర్చుని ఏదైనా తేల్చుకుంటే డైరీలో గడులు గీస్తాను. పేరు, హోదా, సంతకం ఎవరివి వాళ్లే రాయాలి. సుబేదారు గారికి ఇదంతా నవ్వులాట.

"అన్నగారూ, ఉప్మా తిన్నందుకు కూడా సంతకమా?" అనేవారు.

కొన్నేళ్ల కిందట ఆయన ఫ్లాటు రిజిస్ట్రేషను బిల్డరు దగ్గర ఇరుక్కుంది. నల్లకోటు వేసుకున్న ఒకాయన, తాను చూసుకుంటానని మా ఇంట్లోనే కూర్చుని పకోడీలు తిని, నా డైరీలో గడులు నింపి, అసలు కాగితాలన్నీ పట్టుకుపోయాడు. లా కాలేజీ మొహం కూడా చూడనివాడని తర్వాత తెలిసింది. పోలీసులు కాగితాలతో సహా పట్టుకున్నారు. కింది కోర్టు నా డైరీని సాక్ష్యంగా తీసుకుని శిక్ష వేసింది. అతను అప్పీలుకు వెళ్లాడు. అది తేలేదాకా కాగితాలు కోర్టు బీరువాలోనే. అవి చేతికి రానిదే సుబేదారు గారికి సొంత ఇల్లు లేనట్టే.

ఆ రోజు అతని లాయరు గట్టిగానే వాదించాడు. తన క్లయింటు లాయరునని ఎవరితోనూ అనలేదట. తెలిసినవాడిగా సాయానికి వచ్చాడట.

జడ్జి గారు నా డైరీ తెరిపించారు. హోదా గడిలో ఆ మనిషి తన చేత్తోనే ఇంగ్లీషులో "అడ్వకేట్, హైకోర్ట్" అని రాసి, కింద గీత కూడా గీశాడు.

"సరదాకి రాశాడు సార్," అన్నాడు లాయరు.

జడ్జి గారు నా తెలుగు డైరీకి జతచేసిన హిందీ అనువాదం చూశారు. "అదే పేజీలో ఒకావిడ గృహిణి అని రాశారు. ఆవిడ సరదాకి సుప్రీంకోర్టు అని రాయలేదే?" అన్నారు హిందీలో.

హాలంతా నవ్వింది. అప్పీలు కొట్టేశారు.

మెట్లు దిగుతుంటే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, ఏదైనా రాసుకోవచ్చని ముందే చెబితే నేనూ రాసేదాన్ని కదా!"

మర్నాడు పొద్దున్నే, కాగితాలు తిరిగి ఇవ్వమని కోర్టుకు అర్జీ రాయడానికి, పక్క బ్లాకులో ఉండే తెలుగు లాయరమ్మాయి మా ఇంటికి వచ్చింది. నా డైరీ ఇంకా కోర్టులోనే ఉంది. సుబేదారు గారు చంకలోంచి కొత్త పుస్తకం తీశారు. గడులు ఆయనే గీసుకొచ్చారు, కాస్త వంకరగా.

"బేటీ, ఏమీ అనుకోకు. ముందు ఇందులో రాయి."

"అంకుల్, బార్ కౌన్సిల్ నంబరు కూడా వెయ్యనా?"

"వెయ్యమ్మా, వెయ్యి."

ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫోనులో ఆ నంబరు వెతికి, ఆమె పేరు కనిపించాక "ఠీక్ హై" అని అర్జీ మీద సంతకం పెట్టారు. ఉప్మా తిన్నాక, నేను అడగకుండానే, పుస్తకం దగ్గరికి లాక్కుని రెండో వరుసలో తన పేరు రాసుకున్నారు.