టెండర్ ఓటు

రేపల్లె దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పే దేవదానం మాస్టారికి తొంభై ఒకటి ఎన్నికల్లో పక్క ఊరి పోలింగ్ బూత్‌లో డ్యూటీ పడింది. మిట్టమధ్యాహ్నం కూలిపనులకెళ్లే నాగమ్మ ఓటేయడానికి వచ్చింది. ఆమె ఓటు అప్పటికే ఎవరో వేసేసి పోయారు.

ఎండకీ ఉక్కకీ విసిగిపోయి ఉన్న మాస్టారు, "నీ ఓటు పడిపోయిందమ్మా, ఇంటికెళ్లు" అని కసిరారు.

ఆమె కదల్లేదు. "మన ఓటు ఇంకొకళ్లు వేసేస్తే వేరే కాగితం ఇవ్వాలంట కదండి, టెండర్ ఓటని! మీ బళ్లో చదివే మా అమ్మాయి సరోజ పరీక్షకి గట్టిగా చదువుతుంటే విన్నానండి. మీరు చెప్పిన పాఠమేనంటండి."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడి, ఆమె నాగమ్మేనని రూఢి చేసుకుని, కాగితం చేతికిచ్చారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏటా ఆ పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలతో ఒక మాట అనేవారు: "ఇది నాకు నాగమ్మగారు నేర్పారు."