పెద్దమ్మ పాటకి పది నిమిషాలు

ఆ రోజుల్లో ఒక మనిషి గొంతు దాచిపెట్టడానికి ఎంత చోటు కావాలో నాకు నిమిషాలతో సహా తెలుసు. ఇప్పుడు మా వీధిలో పాలు పోసే ఆయన జేబులో కూడా వెయ్యి పాటలూ రెండొందల వీడియోలూ ఉంటున్నాయి. చోటు కోసం ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఎనభైల్లో నూజివీడు మామిడి షెడ్డులో మా అందరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క తొంభై నిమిషాల క్యాసెట్టు. దాని పెత్తనమంతా నాది. ఇంటర్ తప్పి, మామిడిపళ్ల పెట్టెల మీద ఊళ్ల పేర్లు రాసే పనిలో చేరిన పంతొమ్మిదేళ్ల పిల్లని. అంతకు ముందు నా మాట వినేవాళ్లు మా ఇంట్లో కూడా లేరు.

టేపురికార్డరు షావుకారుగారిది. పాటలు వింటూ సర్దితే పళ్లు నలగవని ఆయన నమ్మకం. పళ్లు సర్దే ఆడవాళ్లు తొమ్మిదిమంది, తమ గొంతు తాము వినాలని అందరికీ సరదా. తలా పది నిమిషాలని నేనే పంచాను. (క్యాసెట్టుకి రెండు వైపులుంటాయన్న సంగతి ఆ పంపకంలో మర్చిపోయాను. ఐదో ఆవిడ పాట సగం ఇటూ సగం అటూ పడి, ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.) ఎవరి వాటా ఎక్కడ మొదలవుతుందో టేపురికార్డరు మీద తిరిగే మూడంకెల మీటరు చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. "ఇంకొక్క చరణం, అమ్మాయ్" అని ఎవరు బతిమాలినా సరే, టైం కాగానే కేకేసి మీట నొక్కేసేదాన్ని.

ఆ తొమ్మిదిమందిలో, పెట్టెల్లో పళ్ల కింద గడ్డి పరిచే ముసలావిడని గడ్డి పెద్దమ్మ అనేవాళ్లం. తల్లి లేని మనవరాలిని ఆవిడే పెంచింది. ఆ పిల్లకి మైలవరం సంబంధం కుదిరినప్పటి నుంచీ, అప్పగింతల పాట తనే పాడి పంపిస్తానని అందరికీ చెప్పుకుంది. తీరా పెళ్లికి రెండు రోజుల ముందు గడ్డి దుమ్ముకి గొంతు పూర్తిగా పోయింది. మిరియాల కషాయం తాగినా లాభం లేకపోయింది. నా దగ్గరకొచ్చి, గాలి తప్ప మాట లేని గొంతుతో, "నా పాట నీ దగ్గరుందిగా అమ్మడూ. అది పెట్టు. ఆ పిల్ల నా పాట వినకుండా బండెక్కితే నాకు మనసాగదే" అంది. "మూడు వందల పన్నెండు" అన్నాను, పుస్తకం తెరవకుండానే. "నిమిషంలో పెడతాను, నువ్వు నిశ్చింతగా ఉండు పెద్దమ్మా."

పెళ్లి నూజివీడు పక్క పల్లెలో, వాళ్లింటి ముందు పందిట్లో. ఊరంతా వినాలని మైకుసెట్టాయన టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టించాను. అప్పగింతలు మొదలవగానే మూడు వందల పన్నెండు దాకా తిప్పి మీట నొక్కాను. ఒక్కో మిషను మీద మీటరు ఒక్కోలా తిరుగుతుందని నాకెవరు చెప్పారు? కర్రకి కట్టిన మైకు గొట్టంలోంచి మా షెడ్డులో ఒకావిడ గొంతు, "షావుకారు పోసే టీలో పాలచుక్క కనబడితే నాకు చూపించండే" అంది. షావుకారుగారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆ మాటన్న ఆవిడ పందిరి గుంజ వెనక్కి తప్పుకుంది. ఆయన చేతిలో అక్షింతలు చూసుకుంటూ, "రేపట్నుంచి పోయిస్తాలేమ్మా, ముందు పాట పెట్టు" అన్నారు.

మైలవరం వ్యాను హారను కొడుతోంది. పెద్దమ్మ నా వైపే చూస్తోంది. పుస్తకం మూసేశాను. అంకెలు పోతే పోయాయి, ఆ క్యాసెట్టు నాకు కంఠతా వచ్చు. మీట వదలకుండా ముందుకి తిప్పితే పాటలన్నీ పిచికల అరుపుల్లా వినిపిస్తాయి. ఆ కిచకిచల్లోనే ఆనవాళ్లు పట్టాను. టీ గొడవ తర్వాత జోలపాట, దాని తర్వాత పెద్ద తుమ్ము, ఆ తర్వాత షెడ్డు ముందు లారీ హారను, అక్కణ్ణుంచి పెద్దమ్మ వాటా. ముందు మనవరాలి ముచ్చట్లు చాలాసేపు చెప్పింది. అవన్నీ దాటించి, గొంతు సవరించుకున్న చోట మీట వదిలాను. పాట మొదలైంది. "అదెలా పట్టావమ్మా?" అన్నాడు మైకుసెట్టాయన. నేను నేల మీద లేను.

పెళ్లికూతురు పెద్దమ్మని చుట్టేసుకుని ఏడ్చింది. రెండు చరణాలు అయ్యాయి. మూడోది ఎత్తుకుందో లేదో, గొట్టంలోంచి నా గొంతే ఖంగుమంది: "పది నిమిషాలైపోయాయి పెద్దమ్మా, ఇక లే." టక్కుమని పాట ఆగింది. అందరి వాటా చివరా నా కేక ఉండేది. షెడ్డులో వినీ వినీ అది కూడా పాటలో ముక్కే అనిపించేది మాకు. పెళ్లిలో ఎలా ఉంటుందో నాకు తట్టనే లేదు. పందిరి మొత్తం నా వైపు తిరిగింది.

అప్పుడు గుంజ వెనక నుంచి, ఆ టీ ఆవిడ మూడో చరణం అందుకుంది. పెద్దమ్మ గడ్డి పరుస్తూ రోజూ పాడిన పాటే కదా, మిగిలిన ఏడుగురూ గొంతు కలిపారు. మైకు అక్కర్లేకపోయింది. పెద్దమ్మ కూడా వాళ్లతో పెదవులు కదిపింది. చివరి మాట దాకా పాట పూర్తయ్యాకే మనవరాలు వ్యానెక్కింది.

"ఆ రోజు షెడ్డులో నేను నీ పాట ఆపకుండా ఉంటే" అని నసుగుతూ పెద్దమ్మ దగ్గరకి వెళ్లాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "నువ్వు ఆపబట్టే గదే, అందరూ పాడారు" అంది గుసగుసగా. చిన్నబోయిన నా మొహం చూడలేక అన్న మాట అది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం నిజమేననుకుని, ఆ పెళ్లి నేనే చేయించినట్టు, నూజివీడు బస్సులో కిటికీ పక్కన తల ఎగరేసుకుని కూర్చున్నాను.