నర్సమ్మ కొలత

ఆ వీధిలో అందరూ అతన్ని అరంగుళం మాస్టారు అంటారు. ఎవరి నడుము కొలిచినా, "అబ్బే, ఏం పెరగలేదు, ఒక్క అరంగుళం!" అనడం ఆ టైలర్ అలవాటు. చొక్కా కాస్త బిగుతైనవాడికీ అరంగుళమే, పెళ్లినాటి కోటు తొడుక్కుని గుండీలు పట్టక ఆపసోపాలు పడేవాడికీ అరంగుళమే. మిగతాదంతా కిమ్మనకుండా గుడ్డలో సర్దేస్తాడు. కొట్టుకొచ్చినవాళ్లు నవ్వుతూ వెళ్లాలి, అదీ అతని సిద్ధాంతం. కొట్టులో అయితే మంచి సిద్ధాంతమే. అదే సిద్ధాంతాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు చూశారూ, అక్కడ వచ్చింది చిక్కంతా.

అతని భార్య పెద్దాసుపత్రిలో నర్సు. వీధికంతటికీ నర్సమ్మ. ఆమె గొంతు వింటే చాలు, మూలిగే రోగులు కూడా మంచం దిగి నడక మొదలుపెడతారని వార్డులో చెప్పుకునేవాళ్లు. "ఉప్పు తగ్గించవయ్యా బాబూ!" "ఆ బిస్కెట్ల పొట్లం ఇలా ఇవ్వు." "మెట్లుండగా నీకు లిఫ్టెందుకు, కాళ్లు ఎవరికైనా అద్దెకిచ్చావా?" ఇలా చెడామడా వాయించేది. ఎవరైనా ఎదురు చెబితే తన ఒంటి మీది తెల్ల యూనిఫాం చూపించేది.

"ఇదిగో, మా ఆయన కుట్టింది. ఉద్యోగంలో చేరినప్పటి కొలతే ఇప్పటికీ! తూకం మిషను పొద్దునొకటి చెబుతుంది, సాయంత్రం ఇంకొకటి చెబుతుంది. బట్ట అబద్ధమాడదు."

టైలర్ పెళ్లాం కదా, పక్కనే ఉన్న తూకాన్ని వదిలి గుడ్డను నమ్మింది. గుడ్డ అబద్ధమాడదన్న మాట నిజమే. టైలర్ ఆడతాడన్న సంగతి మాత్రం పాపం ఆమెకు తట్టలేదు.

ఒకప్పుడు తెల్లవారగానే ఇద్దరూ కాలవ గట్టు మీద నడిచేవాళ్లు. ఆమెది పరుగులాంటి నడక. వార్డులో ఎవరు ఏమన్నారో, తను ఏమని గడ్డిపెట్టిందో చెబుతూ ముందు పోతుండేది. అతను ఊఁ కొడుతూ వెనకాల. వచ్చాక ఇంత పండు కోసుకుని వంటింటి గడప మీద కూర్చుని తినేవాళ్లు. ఆ తర్వాత కొట్టుకు గిరాకీ పెరిగింది, ఆమెకు రాత్రి డ్యూటీలు పడ్డాయి. రేపు నడుద్దాం అన్నాడు అతను. సరే రేపు అంది ఆమె. నడక అలా మూలన పడింది. డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి బిస్కెట్లు, టీలు. తెల్లారి ఇంటికొచ్చి, ఆకలో అలసటో తెలియని తిండి. రోగుల తిండికి వంద వంకలు పెట్టే మనిషి తన తిండిని గాలికొదిలేసింది.

ఒకరోజు యూనిఫాం బిగిసింది. ఆమె అద్దం ముందు చాలాసేపు నిలబడి, ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ మొహం చూసి అతని ప్రాణం ఉసూరుమంది. మర్నాడు ఇస్త్రీ చేస్తానన్న నెపంతో ఆ యూనిఫాం చొక్కా కొట్టుకు తీసుకెళ్లి, పక్క కుట్లు విప్పి, కుట్టినప్పుడు లోపల అదనంగా వదిలిన గుడ్డలోంచి కాస్త బయటికి తెచ్చాడు. సాయంత్రం ఆమె వేసుకుని చూసి, "చూశారా, నిన్న ఒళ్లు నీరుపట్టినట్టుంది, అంతే! ఇవాళ చక్కగా సరిపోయింది," అని చిన్నపిల్లలా మురిసిపోయింది.

ఆ మురిపెం చూశాక ఇక చేతులు ఆగుతాయా! ఆమె పెరిగినప్పుడల్లా చొక్కా పెరిగింది. లోపలి గుడ్డ అయిపోతే చంక కింద నుంచి అదే గుడ్డతో సన్నటి పట్టీ వేశాడు. అతుకు కనబడితే ఒట్టు, అంత పనిమంతుడు. కాస్త చేతగానివాడైనా బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆసుపత్రి వాళ్లు అందరికీ రెడీమేడ్ యూనిఫాంలు తెప్పించిన రోజున గుట్టు రట్టయింది. ఆమె ధీమాగా తన పాత కొలతే చెప్పి తీసుకుంది. చొక్కా భుజాలు దాటి కిందికి రాలేదు. "ఇంకొంచెం పెద్ద సైజు తీసుకో అక్కా," అన్నారు తోటి నర్సులు. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా ఎక్కువ అవమానం. ఆ వారమే ఉద్యోగులందరికీ పరీక్షలు చేస్తే షుగర్ బయటపడింది. తను రోగులకు చెప్పే మాటలే డాక్టరు తనకు చెబుతుంటే తలొంచుకుని విన్నది.

నేరుగా కొట్టుకు వచ్చింది. పాత చొక్కాను కుట్టు మిషను పక్కన బల్ల మీద తిరగేసి పరిచింది. విప్పేసిన కుట్ల తాలూకు సూది గాట్లు వరుసలు వరుసలుగా బయటపడ్డాయి. వాటి పక్కన ఆ పట్టీ.

"ఇవన్నీ మీరే విప్పారా?"

అతను ఆ పట్టీ మీద చెయ్యి వేసి కప్పాడు. "నువ్వు బాధపడతావని..."

"బాధపడాల్సిన రోజున నన్ను పడనివ్వాల్సింది. నా ఒళ్లు నాకే తెలియకుండా చేశారు కదండీ!"

అరిచి ఉంటే బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది. మామూలు గొంతుతో ఆ ఒక్క మాట అని, చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు కొత్త యూనిఫాం సరిచేయించుకోవడానికి వీధి చివర ఉన్న ఇంకో టైలర్ దగ్గరికి వెళ్లింది.

అరంగుళం మాస్టారి భార్య పరాయి కొట్టులో చేతులు చాచి నిలబడి కొలతలిచ్చిందన్న మాట వీధంతా పాకింది. అతనికి మొహం చెల్లలేదు. కానీ వీధి సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. అతన్ని కోసింది వేరే. ఇక ఆమె తన చేతికి ఒక గుడ్డముక్క కూడా ఇవ్వదా? ఎప్పటికీనా?

ఇంట్లో మాటలకు లోటు లేదు. పాలు వచ్చాయా, తలుపు వేశారా, అన్నీ అడుగుతుంది. తెల్లవారగానే ఒక్కతే కాలవ గట్టుకు వెళ్తుంది. కూరలో నూనె తగ్గింది, బిస్కెట్ల డబ్బాలోకి వేయించిన శనగలు వచ్చాయి. మొహంలో కళ కూడా వచ్చింది. అతనికి సంతోషమే. ఆ సంతోషంలో తనకు చోటు లేదన్నదే దిగులు.

అతనూ ఊరికే కూర్చోలేదు. టీలో చక్కెర మానేశాడు, ఆమె చూస్తుందని. ఆమె చూడలేదు, టీ మాత్రం చేదుగా మిగిలింది. ఒకరోజు ధైర్యం చేసి గట్టు మీద ఆమె వెనకాలే బయల్దేరాడు, బాగా దూరంగా. మలుపు దగ్గర ఆమె గభాలున వెనక్కి తిరిగేసరికి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగాడు. కాళ్లకున్నవి చెప్పులు. ఆమె మళ్లీ ముందుకు తిరిగి నడిచిపోయింది. అతను రొప్పుతూ ఇల్లు చేరాడు.

మధ్యాహ్నాలు కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు టేపు చేతికి చుట్టుకుంటూ కూర్చునేవాడు. ఒకప్పుడు తను భుజం కొలుస్తుంటే మెడ దగ్గర చక్కిలిగింత పుట్టి ఆమె భుజం ఎగరేసేది. "త్వరగా కానివ్వండి, డ్యూటీకి టైమవుతోంది," అని కసిరేది. ఆమె జుట్టులో ఆసుపత్రి మందుల వాసన ఉండేది. ఆ వాసన ఎవరికైనా నచ్చుతుందా? అతనికి నచ్చేది. ఒకే ఇంట్లో ఉన్న మనిషి కోసం ఇంత బెంగపెట్టుకోవచ్చని అతనికి అంతవరకూ తెలియదు.

ఒకసారి ఆ వీధి చివరి టైలర్ మిషను సూది అరువడగడానికి వచ్చాడు. మంచివాడు, నోరే కాస్త ఆగదు.

"అక్కయ్యగారు బాగా తగ్గారు మాస్టారూ. చొక్కా పక్కలు లోపలికి పట్టమన్నారు. ఇప్పుడు నడుము ఎంతుందంటే..."

"చెప్పకయ్యా!" అన్నాడు అతను. సూది ఇచ్చి పంపేశాడు. తన భార్య కొలత ఇంకొకడి నోట వినాల్సి రావడం కన్నా వినకపోవడమే మేలనిపించింది.

వానాకాలం వచ్చింది. గట్టు బురదై నడక ఆగింది, మళ్లీ వరసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆమె కొట్టులోకి వచ్చింది. ముందున్న మనిషి వెళ్లేదాకా బెంచీ మీద కూర్చుని, లేచి వచ్చి రెండు చేతులూ చాచి నిలబడింది.

"కొలత తీయండి. అంకె పైకి చెప్పండి."

 అతను టేపు ఆమె నడుము చుట్టూ తిప్పాడు, చొక్కా పక్క కుట్లు బిగిసి ఉన్నాయి. పెరిగింది. అరంగుళం కాదు, అంతకన్నా ఎక్కువే. బొటనవేలు కాస్త జరిపితే చాలు, తక్కువ అంకె వస్తుంది, ఆమె నవ్వుతుంది. ఇన్ని నెలలుగా అతను తపించిపోయింది ఆ నవ్వు కోసమే.  అయినా ఉన్న అంకె ఉన్నట్టు చెప్పాడు.

 "తెలుసు," అంది ఆమె. "పొద్దున గుండీ పట్టలేదు."

"కుట్లు విప్పమంటావా?"

"వద్దు. అలాగే ఉండనివ్వండి. తగ్గుతాను." అంటూ అతని చేతిలోంచి టేపు లాక్కుంది. "మీరు చేతులెత్తండి."

అతనికి అర్థం కాలేదు. ఊరందరి నడుములూ కొలిచాడు గానీ అతన్ని కొలిచినవాళ్లు లేరు. తను వేసుకునేవన్నీ బొందు ముడేసుకునే ప్యాంట్లే, వాటికి కొలత అక్కర్లేదు. చేతులెత్తాడు. టేపు వెనకనుంచి తెచ్చుకోవడానికి ఆమె రెండు చేతులూ అతని చుట్టూ వేసింది. జుట్టు గడ్డానికి తగిలింది. మందుల వాసన వచ్చింది.

"అమ్మో! నా అంకె చెప్పడమేనా, ఇదేమిటిది!" అంటూ ఆమె అంకె చదివింది. అతని చెవికి ఎక్కలేదు.

"టేపు జారినట్టుంది," అన్నాడు చేతులు దించకుండా. "మళ్లీ కొలువు."