నా అర్జీల్లో నల్లా కాక

ఆ రోజుల్లో అన్యాయమన్నది ఎక్కడ పుట్టినా తిన్నగా నా దగ్గరికే వస్తుందని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.) మొయినాబాద్ పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో చేవెళ్లకు పోయి, ఒక టైపు సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. కాగితమూ మిషనూ చేతిలోనే ఉండటంతో, పొద్దున కోపమొస్తే మధ్యాహ్నానికల్లా అర్జీ తయారయ్యేది. వాటిలో ఎక్కువ భాగం నల్లా కాక మీదే.

నల్లా కాక మా ఊరికి నీళ్లు విడిచే మనిషి. వాడవాడా తిరిగి వాల్వులు తిప్పడం, పైపు పగిలితే గుంటలో దిగి బాగుచేయడం ఆయన పని. ఒకరోజు నీళ్లు ఆలస్యమైతే బిందెల వరుస ముందే నిలదీశాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "మూతి మీద మీసం రాలే, అర్జీలు రాస్తడంట! రాస్కో పో పిలగా!" అన్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. మరదలు వరుసయ్యే అమ్మాయి అందరూ ఆపాక కూడా నవ్వింది. అది నేను మరిచిపోలేదు. ఆనాటి నుంచి నెల తప్పకుండా ఆయన మీద అర్జీ పెట్టడం, పంచాయతీలో అందినట్టు ముద్ర వేయించుకున్న నకలును పెట్టెలో దాచుకోవడం నాకు వ్రతమైపోయింది.

ఈమధ్య మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది. కాక పని విరమించే రోజూ వచ్చింది. సన్మానం చేస్తామన్నారు గానీ, ఆయన ఎప్పటి నుంచి పనిలో ఉన్నాడో చెప్పే పాత కాగితాలు ఆఫీసులో దొరకలేదు. ఎన్నేళ్లు చేశాడో రాసిన సర్టిఫికెట్ ఒక్కటే కాకకు కావలసింది. ఒక పొద్దున మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, నా మీద రాసిన కాయిదాలు పారేసినవా?"

"ఎందుకు పారేస్త కాకా!" అన్నాను. ఆ అనుమానమే నాకు అవమానంగా తోచింది.

పెట్టె తెరిచి చదివి వినిపించాను. "సదరు వ్యక్తి వాల్వు వద్ద బీడీ తాగుచు..."

"గది నిజమే."

"ప్రజలను ఎగతాళి చేయుచు..."

"ప్రజలను కాదు, నిన్నొక్కన్నే."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన ఒక కాగితం మీద తన పేరును వేలితో తడిమి, "ఇన్నేండ్లల్ల నా పేరు రాసినోనివి నువ్వొక్కనివే బిడ్డా," అన్నాడు.

మున్సిపాలిటీ ఆఫీసులో సారు పంచాయతీ ముద్రలనే ఆధారంగా తీసుకుని, నా అర్జీలన్నీ తేదీల వరుసలో పేర్చాడు. మధ్యలో ఆగి, "ఈ రెండేండ్లు యాడికి పోయినవ్ పెద్దాయనా?" అన్నాడు. కాక నావైపు చూశాడు. నేను తలదించుకున్నాను.

అవి మా అమ్మ మంచాన పడిన రెండేళ్లు. తెల్లారకముందే మా వాడకు నీళ్లు విడిచి, మా డ్రమ్ము నిండేదాకా కాక వాల్వు కట్టేసేవాడు కాదు. ఇక దేని మీద అర్జీ పెట్టను? (మెచ్చుకుంటూ ఒక్క ముక్క రాద్దామన్న ఆలోచన కూడా నాకు రాలేదు.)

"కంప్లైంట్ లేదంటే పని మంచిగ చేసినట్టే గద సార్!" అని వాదించాను.

"లేని కాయిదం మీద నేనెట్ల సంతకం పెట్టాలె?" అన్నాడు సారు. (ఈ మాట కూడా మరిచిపోను.)

సర్వీసు మధ్యలో తెగింది కాబట్టి ముందటి ఏళ్లు చెల్లవన్నారు. తర్వాతి ఏళ్లే రాశారు. సన్మానంలో శాలువా కప్పి, ఆ తగ్గిన లెక్కే మైకులో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. దిగి వచ్చిన కాక చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాను.

"ఊకో బిడ్డా. మీ అవ్వ తాగిన నీళ్లు గవి. కాయిదంల లేకుంటె పాయె," అన్నాడు.

అప్పటి ఆ ముక్కోపి కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. అయినదానికీ కానిదానికీ అలిగినవాడివి, ఆ రెండేళ్లూ ఉత్తుత్తికైనా కాస్త అలిగి ఉంటే నీ సొమ్మేం పోయేదిరా, అని అడగాలనిపిస్తుంది.