అమ్మ గదిలో దొరగారి క్రిస్మస్ ఏల్

క్రిస్మస్ కోసమని జూలైలోనే బీరు కాచేవాళ్ళుంటారని కాన్‌బెర్రా వచ్చేదాకా నాకు తెలీదు. ఏల్ అంటే అదీ ఒకరకం బీరే, నల్లగా, చిక్కగా ఉంటుంది. మేముండే హారిసన్ పేటలో మా పక్కింటి పెద్దాయన ఇంట్లో అదొక ఆచారం. లవంగం, దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి ఇక్కడ చలికాలమైన జూలైలో పులవబెట్టి, సీసాల్లో పోసి దాచి, క్రిస్మస్ రోజున మూత తీస్తారు. వాళ్ళావిడ తాతలు ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న అలవాటు. అక్కడ క్రిస్మస్‌కి గడ్డకట్టే చలి, ఒంట్లో వేడి పుట్టించే ఏల్ తాగడంలో అర్థముంది. ఇక్కడ క్రిస్మస్‌కి ఎండకి మాడు పగిలిపోతుంది. అయినా అదే తాగుతారు. మనం మాత్రం తక్కువ తిన్నామా, మే నెల ఎండల్లో పట్టుచీరలు కట్టుకుని పెళ్ళిళ్ళకి పోమూ?

ఆ జూలైలో పెద్దాయన మా తలుపు కొట్టాడు. వాళ్ళావిడ పోయి అప్పటికి కొన్ని నెలలే అయింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏల్ చేసింది తనే. నేను సీసాలు కడిగేవాణ్ణి, అంతే," అన్నాడు. ఈసారి ఒక్కడే తంటాలుపడి చేసి, డ్రమ్ము గరాజ్‌లో పెట్టాడట. ఆ చలికి అది కిక్కురుమనడం లేదు. మా ఇంట్లో ఒక గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుందని మా ఆయన ఏదో బార్బీలో, అదే పెరట్లో మాంసం కాల్చుకునే విందులో, చెప్పాడట. "తను చేసినట్టు రాకపోతే ఇంక చెయ్యను. అదీ తనతోనే పోయిందనుకుంటాను," అని నేలచూపులు చూశాడు.

తీసుకొచ్చెయ్యండి అనేశాను. అనేశాక గుర్తొచ్చింది, ఆ వెచ్చటి గది మా అమ్మది.

మా అమ్మంటే ఎవరనుకున్నారు? మా ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. సారా కొట్టు ముందు చాప పరిచి, కొట్టువాడు దణ్ణం పెట్టి తలుపులు మూసేదాకా పాటలు పాడిన మనిషి. మమ్మల్ని చూడ్డానికని క్రిస్మస్ దాకా ఉండేట్టు వచ్చి, ఇక్కడి చలికి బెంబేలెత్తి, హీటర్ ఆర్పనివ్వకుండా, పక్కనే ఇడ్లీ పిండి గిన్నె పెట్టుకుని కూర్చుంది.

మా ఆయన డ్రమ్ము మోసుకొచ్చి, "బార్లీ నీళ్ళండీ అత్తయ్యగారూ," అన్నాడు. పూర్తిగా అబద్ధమూ కాదనుకోండి, ఏల్ చేసేదీ బార్లీతోనే.

"మంచిదే, ఒంటికి చలవ," అంది అమ్మ.

మర్నాటికి మూత మీది గొట్టంలోంచి బుడగలు మొదలయ్యాయి. గదంతా వాసన. "ఏమేవ్! ఇది సారా!" అని అమ్మ ఒకటే కేక. మా ఆయన తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి జారుకున్నాడు. చీవాట్లన్నీ నాకే.

పెద్దాయన సంగతి మొత్తం చెప్పాను. "క్రిస్మస్ పేరు చెప్పి తాగడమేమిటే, ఖర్మ! సరే, ఆ మూల ఉండనీ. నేను దాని మొహం చూడను," అంది అమ్మ.

చూడకేం! రెండ్రోజులకే ఆఫీసుకి ఫోను. "మీ ఆయన పోతూ పోతూ హీటర్ ఆర్పేశాడే. పిండీ పొంగలేదు, దొరగారిదీ పొంగలేదు!" అమ్మకి తెల్లవాళ్ళంతా దొరగార్లే. ఇంటికొచ్చి చూద్దును కదా, అమ్మ ఉత్త స్వెట్టర్‌తో వణుకుతోంది. ఆవిడ శాలువా డ్రమ్ముకి చుట్టి ఉంది, మెడ దగ్గర పిన్నీసుతో సహా.

"పులవాల్సింది పులవకుండా కళ్ళముందు చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?" అని నా మీదే ఎగిరింది.

చిక్కంతా ప్రార్థనలో వచ్చింది. మద్యం బాగా కుదరాలని దేవుణ్ణి ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అందుకని "ప్రభువా, పక్కింటి దొరగారికి ఆదరణ దయచెయ్యి," అంటూ ఒక కన్ను మూసి, రెండో కంటితో బుడగలు చూసేది.

పులవడం అయ్యాక పెద్దాయన ఏల్‌ని సీసాల్లో పోసుకుని తీసుకెళ్ళాడు. చుక్క కూడా రుచి చూడలేదు, క్రిస్మస్ దాకా చూడకూడదట.

క్రిస్మస్ రోజు మేం చర్చి నుంచి వచ్చి బిర్యానీకి కూర్చున్నాం. అంత ఎండలోనూ టై కట్టుకుని, ఒక సీసా, గ్లాసులు పట్టుకుని పెద్దాయన వచ్చాడు. మొదటి గ్లాసు నింపి అమ్మకి అందించాడు. "మొదటిది చేసినవాళ్ళకివ్వాలి. ఎప్పుడూ తనకే ఇచ్చేవాణ్ణి. ఈసారి దీన్ని బతికించింది మీరు," అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. స్త్రీల సమాజం పెద్ద చేతిలో నురగలు కక్కే గ్లాసు!

అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, "నేను తాగనని చెప్పవే. ఇది వాళ్ళావిడ గ్లాసు. ఆవిడ లేదు కాబట్టి ఆయనే తాగాలి. పక్కన నేను కూర్చుంటానని చెప్పు," అంది.

చెప్పాను. ఆయన అమ్మ పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కన గ్లాసంతా తాగేశాడు. మాకెవరికీ బిర్యానీ సంగతే గుర్తులేదు.

"తనదే," అన్నాడు. "అచ్చం తనదే."

అంతే, అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని నన్ను కసిరింది.

"గుడ్లప్పగించి చూస్తావేమే? ఆయన గ్లాసు ఖాళీ అయింది. ఇంకాస్త పొయ్యి!"